కాలేజీ హాకీ అయిపోయాక ఆ కుర్రాళ్లు ఎక్కడికి వెళ్తారు? ఏహెచ్‌ఎల్, ఈసీహెచ్‌ఎల్ తెలిసినవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో_శ్రీను
అందరికీ నమస్కారం. మేం ఉండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. డాలస్ స్టార్స్ ప్రాక్టీస్ చేసే రింక్‌లోనే మా పిల్లలు స్కేటింగ్ నేర్చుకుంటున్నారు, అలా ఇంటిల్లిపాదికీ ఐస్ హాకీ పట్టుకుంది. స్టార్స్ ఆడేది ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి అన్నిటికన్నా పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో. నలుగురం ఆ మ్యాచ్‌కి వెళ్లాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని శనివారాలు పక్కనే ఆలెన్‌కి వెళ్లి ఆలెన్ అమెరికన్స్ ఆట చూస్తాం. అది ఈసీహెచ్‌ఎల్ అనే కింది స్థాయి లీగ్ జట్టు, 2015, 2016లో వరసగా ఆ లీగ్ ట్రోఫీ కెల్లీ కప్ గెలిచింది.

నేను గమనించింది ఏమిటంటే, మార్చి వచ్చేసరికి జట్టులో కొత్త మొహాలు కనిపిస్తాయి. ఎవరా అని చూస్తే, మొన్నటిదాకా ఏదో యూనివర్సిటీకి ఆడినవాళ్లు. సీజన్ చివర్లో ఇలా ఎలా వస్తారు? వాళ్ల డిగ్రీ సంగతేంటి? ఇక్కడి నుంచి పైకి వెళ్లే దారి నిజంగా ఉందా? మా పెద్దాడికి పన్నెండేళ్లు, కాలేజీ హాకీ ఆడతానని ఇప్పటినుంచే అంటున్నాడు. వాడికి చెప్పేముందు నాకు తెలియాలి.

మిల్వాకీ_కేదార్
శ్రీను గారూ, మంచి ప్రశ్న. నేను మిల్వాకీ అడ్మిరల్స్ ఆటలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. అది ఏహెచ్‌ఎల్, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌కి సరిగ్గా ఒక మెట్టు కింద. 1936 నుంచి నడుస్తున్న లీగ్ అది. ఇప్పుడు 32 జట్లు, ఒక్కోటి ఒక్కో ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకి అనుబంధం. మీ స్టార్స్‌కి ఏహెచ్‌ఎల్ జట్టు ఆస్టిన్ పక్కన సీడర్ పార్క్‌లో ఉన్న టెక్సస్ స్టార్స్. దాని కింద ఈసీహెచ్‌ఎల్. ఇక్కడొక విషయం గమనించండి, ఆలెన్ మీ ఇంటి పక్కనే ఉన్నా స్టార్స్‌కి ఈసీహెచ్‌ఎల్ అనుబంధ జట్టు మాత్రం ఐడహోలోని స్టీల్‌హెడ్స్. ఊరి దూరానికీ అనుబంధానికీ సంబంధం లేదు.

ఇక మార్చి సంగతి. కాలేజీ సీజన్ అక్టోబర్‌లో మొదలై మార్చిలో కాన్ఫరెన్స్ టోర్నమెంట్లతో చాలా జట్లకి ముగిసిపోతుంది. జాతీయ టోర్నమెంట్‌కి 16 జట్లే వెళ్తాయి. మిగిలిన జట్లలో ఆఖరి సంవత్సరం కుర్రాళ్లంతా ఒక్క వారంలో ఖాళీ అవుతారు. అదే సమయంలో ఏహెచ్‌ఎల్, ఈసీహెచ్‌ఎల్ జట్లకి దెబ్బలు తగిలినవాళ్లు, పైకి పిలిపించుకున్నవాళ్లు పోగా మనుషులు తక్కువ పడతారు. ఏప్రిల్ దాకా లీగ్ మ్యాచ్‌లు ఉంటాయి. అందుకని ఫోన్లు మోగుతాయి. కాలేజీ కుర్రాడు అమెచ్యూర్ ట్రైఔట్ మీద, అంటే ఆడించి చూసే పద్ధతిలో, రావచ్చు, మామూలు ఒప్పందం మీద అయినా రావచ్చు. మిగిలిన క్లాసులు ఆన్‌లైన్లోనో, ప్రొఫెసర్లతో మాట్లాడుకునో పూర్తి చేసి మే నెలలో డిగ్రీ తీసుకునేవాళ్లు చాలామంది.

ఆ కొద్ది వారాలు చాలా విలువైనవి. కోచ్ కళ్లముందు నిజమైన ప్రో మ్యాచ్‌లు ఆడితే వచ్చే సీజన్ ఒప్పందం దాదాపు అక్కడే తేలిపోతుంది. వేసవిలో వంద వీడియోలు పంపినా ఆ నమ్మకం రాదు.

వైజాగ్_స్కేటర్
నేను వైజాగ్‌లో రోలర్ హాకీ ఆడతాను, ఐస్ హాకీ ఫోన్‌లో చూడటమే. అన్నా, అంటే ఏహెచ్‌ఎల్ మన రంజీ ట్రోఫీ లాంటిదా?

మిల్వాకీ_కేదార్
తమ్ముడూ, ఒక్క విషయంలో కాదు. రంజీలో హైదరాబాద్ జట్టు హైదరాబాద్ కోసం ఆడుతుంది, గెలవడమే దాని పని. ఏహెచ్‌ఎల్ జట్టులో ఎవరు ఎంతసేపు ఆడాలో చాలావరకు పైనున్న ఎన్‌హెచ్‌ఎల్ జట్టు చెప్తుంది. బాగా ఆడుతున్న కుర్రాణ్ణి ప్లేఆఫ్స్ మధ్యలో పట్టుకుపోవచ్చు. అభిమానులకి బాధే, ఆ కుర్రాడికి మాత్రం పండగ.

ఇంకో నియమం ఉంది, కాలేజీ వాళ్లకి ఇది మేలు చేస్తుంది. ఏహెచ్‌ఎల్‌లో ఒక మ్యాచ్‌కి దిగే 18 మంది స్కేటర్లలో 13 మంది డెవలప్‌మెంట్ ఆటగాళ్లై ఉండాలి. వాళ్లలో 12 మంది ప్రో మ్యాచ్‌లు 260 దాటకూడదు, ఒకరికి 320 దాకా వెసులుబాటు. ఈ లెక్క వయసుతో కాదు, ఆడిన ప్రో మ్యాచ్‌లతో. కాలేజీ నుంచి 24 ఏళ్లకి వచ్చినవాడి లెక్క సున్నా నుంచే మొదలవుతుంది.

ఫ్రిస్కో_శ్రీను
24 ఏళ్లా? కాలేజీ అయ్యేసరికి 22 కదా?

గ్రీన్‌మౌంటెన్
అక్కడే మన తల్లిదండ్రులకి లెక్క తప్పుతుంది శ్రీను గారూ. హైస్కూల్ అవగానే డివిజన్ వన్, అంటే కాలేజీ హాకీలో పై స్థాయికి, నేరుగా వెళ్లేది కొద్దిమందే. మిగతావాళ్లు యూఎస్‌హెచ్‌ఎల్ లాంటి జూనియర్ లీగుల్లో ఒకటి రెండేళ్లు ఆడి, 19 లేదా 20 ఏళ్లకి కాలేజీలో అడుగుపెడతారు. అందుకే కాలేజీ హాకీలో మొదటి సంవత్సరం కుర్రాడు మీసాలతో కనిపిస్తాడు. నాలుగేళ్లు చదివితే 24.

నేను తొంభైల మధ్యలో బర్లింగ్టన్‌లో పీజీ చదివాను. యూనివర్సిటీ ఆఫ్ వెర్మాంట్. అప్పుడు అదే కాలేజీలో ముగ్గురు కుర్రాళ్లు ఆడేవారు. మీ ప్రశ్నకి ఆ ముగ్గురి దారి కన్నా మంచి జవాబు నా దగ్గర లేదు, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మార్టిన్ సెయింట్ లూయీ, ఎరిక్ పెరాన్, గోలీ టిమ్ థామస్. 1993లో ముగ్గురూ కలిసి చేరారు, 1997లో ముగ్గురూ బయటికి వచ్చారు. 1996లో వెర్మాంట్‌ని మొట్టమొదటిసారి ఫ్రోజెన్ ఫోర్‌కి, అంటే జాతీయ సెమీఫైనల్‌కి తీసుకెళ్లారు. సిన్సినాటీలో కొలరాడో కాలేజీ చేతిలో రెండో ఓవర్‌టైమ్‌లో 4-3తో ఓడిపోయారు. క్యాంపస్ మొత్తానికి ఆ రాత్రి నిద్ర లేదు.

సెయింట్ లూయీ కాలేజీలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసినవాడు, ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డుకి మూడుసార్లు ఫైనలిస్ట్. ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. ఆ ఎత్తు చూసి ఏ ఎన్‌హెచ్‌ఎల్ జట్టూ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు, తీసుకోలేదు. 1997లో అతనికి దొరికింది ఐహెచ్‌ఎల్ అనే అప్పటి మైనర్ లీగులో క్లీవ్‌లాండ్ లంబర్‌జాక్స్. పెరాన్ కూడా అక్కడికే వెళ్లాడు. అదే సీజన్లో కాల్గరీ ఫ్లేమ్స్ సెయింట్ లూయీతో ఒప్పందం చేసుకుని ఏహెచ్‌ఎల్‌లో సెయింట్ జాన్‌కి పంపింది. పైకీ కిందికీ తిప్పి, 2000లో కొంత డబ్బు చెల్లించి ఒప్పందం రద్దు చేసి వదిలేసింది. అంటే 25 ఏళ్లకి మళ్లీ చేతిలో ఏమీ లేదు. టాంపా బే తీసుకుంది. 2003-04లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు, అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ, ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్, మూడూ ఒకే ఏడాది. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్. 2022 నుంచి మాంట్రియాల్ జట్టుకి కోచ్.

టిమ్ థామస్‌ని 1994 డ్రాఫ్ట్‌లో క్యూబెక్ 217వ పిక్‌తో తీసుకుంది. ఆ స్థానంలో తీసుకున్నవాణ్ణి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కాలేజీ అయ్యాక మొదట ఆడింది ఈసీహెచ్‌ఎల్‌లో, బర్మింగ్‌హామ్ బుల్స్‌కి. అదే ఏడాది ఫిన్లాండ్ వెళ్లి అక్కడి హెచ్‌ఐఎఫ్‌కే జట్టుతో 1998లో టైటిల్ గెలిచాడు. తర్వాత హామిల్టన్, డెట్రాయిట్ వైపర్స్, స్వీడన్‌లో ఏఐకే, మళ్లీ ఫిన్లాండ్, ప్రావిడెన్స్, మళ్లీ ఫిన్లాండ్. ఎన్‌హెచ్‌ఎల్‌లో కుదురుకున్నది 2005-06 సీజన్లో, 31 ఏళ్ల వయసులో. ఆ తర్వాత రెండుసార్లు ఉత్తమ గోలీ. 2011 స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో వాంకూవర్‌కి ఒక్క గోల్ ఇవ్వలేదు. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు కూడా అతనే, 37 ఏళ్లప్పుడు.

పెరాన్ కథ ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అదే ఎక్కువ ఇష్టం. అతను ఫిన్లాండ్‌లో జీవితం కట్టుకున్నాడు. 2004లో టాంపాకి వచ్చి పాత స్నేహితుడితో కలిసి స్టాన్లీ కప్ గెలిచాడు, తర్వాత అట్లాంటాకి ఆడాడు, మళ్లీ ఫిన్లాండ్ వెళ్లి జేవైపీ జట్టుకి ఏళ్ల తరబడి ఆడాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో స్టార్ కాలేదు. కానీ కాలేజీ తర్వాత చాలా ఏళ్లపాటు హాకీ ఆడి బతికాడు, ఇల్లు నిలబెట్టుకున్నాడు. శ్రీను గారూ, మీ అబ్బాయికి దారి చూపించాలనుకుంటే ఈ మూడో దారి కూడా చూపించండి.

వైజాగ్_స్కేటర్
ఇది చదివి రెండుసార్లు మళ్లీ చదివాను. థామస్ ఈసీహెచ్‌ఎల్‌లో మొదలుపెట్టాడని ఇప్పుడే తెలిసింది.

పియోరియా_రవి
గ్రీన్‌మౌంటెన్ గారూ, మీరు చెప్పిందంతా నిజం. కానీ ఆ ముగ్గురి వెనక కాలేజీ అయ్యాక ఒకటి రెండు సీజన్లు ఆడి ఆపేసినవాళ్లు వందల్లో ఉన్నారు. వాళ్ల గురించీ మాట్లాడుకుందాం.

నేను ఇల్లినాయిస్‌లో పియోరియాలో ఉంటాను. మా ఊళ్లో రివర్‌మెన్ జట్టు ఎస్‌పీహెచ్‌ఎల్‌లో ఆడుతుంది. అది ఈసీహెచ్‌ఎల్ కింద మెట్టు, 2004లో మొదలైంది, సీజన్‌కి 56 మ్యాచ్‌లు. ఎన్‌హెచ్‌ఎల్‌తో అనుబంధం లేదు. డివిజన్ త్రీ, అంటే కాలేజీ హాకీలో కింది స్థాయి, కాలేజీల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది. వారానికి వచ్చేది వందల్లో డాలర్లు. ఇల్లు జట్టే ఇస్తుంది, ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటారు. జీతం సీజన్ వారాలకే, వేసవిలో సున్నా. అప్పుడు పిల్లల హాకీ క్యాంపుల్లో నేర్పుతారు, గోల్ఫ్ కోర్సుల్లో, కట్టడాల్లో పని చేస్తారు. శుక్రవారం ఒక ఊళ్లో మ్యాచ్, రాత్రంతా బస్సు, శనివారం ఇంకో ఊళ్లో. తక్కువ చేసి చెప్పడం లేదు. ఆ కుర్రాళ్లని నేను గౌరవిస్తాను, మా పాపకి స్కేటింగ్ నేర్పేది వాళ్లే. కానీ మన ఇళ్లల్లో పిల్లాడు ఇంజనీరింగ్ డిగ్రీ చేత్తో పట్టుకుని ఈ లెక్క చూసుకోవాల్సి వస్తుంది.

లక్ష్మి_మిషిగన్
రవి గారూ, సరిగ్గా మా ఇంటి సంగతి రాశారు. ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఈరోజు రాయక తప్పలేదు.

మా అబ్బాయి మిషిగన్‌లో ఒక డివిజన్ త్రీ కాలేజీలో ఆఖరి సంవత్సరం. మెకానికల్. ఇక్కడే పుట్టాడు కాబట్టి వీసా గొడవ లేదు. డెట్రాయిట్ దగ్గర ఆటోమొబైల్ విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అదే నెలలో ఒక ఈసీహెచ్‌ఎల్ జట్టు అసిస్టెంట్ కోచ్ ఫోన్ చేసి అక్టోబర్ క్యాంపుకి రమ్మన్నాడు. వాళ్ల నాన్న ఉద్యోగం వదులుకోవద్దంటారు. వాడేమో రెండేళ్లు ఆడతానంటాడు. మధ్యలో నాకు టెన్షన్. పైగా ఒక ఏజెంట్ ఫోన్ చేసి, జట్టు చూపిస్తాను, ముందు కొంత డబ్బు కట్టండి అన్నాడు. ఇలా అడుగుతారా?

డివిజన్ త్రీలో క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు, నాలుగేళ్లు ఫీజు మేమే కట్టాం. అందుకే మా ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ వాడు పొద్దున్నే అయిదింటికి రింక్‌కి వెళ్లడం ఆరేళ్ల వయసు నుంచి చూస్తున్నాను.

మిల్వాకీ_కేదార్
లక్ష్మి గారూ, ముందు ఆ ఏజెంట్‌ని వదిలేయండి. పేరున్న ఏజెంట్లు సాధారణంగా ఒప్పందం కుదిరాక అందులో శాతం తీసుకుంటారు, ముందు డబ్బు అడగరు. ఈసీహెచ్‌ఎల్ స్థాయిలో కోచ్ నేరుగా పిలిచాడంటే ఏజెంట్ అవసరం కూడా అంతంతమాత్రమే. మీ అబ్బాయి కాలేజీ కోచ్ ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఈ కోచ్‌లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే.

ఏహెచ్‌ఎల్, ఈసీహెచ్‌ఎల్ ఆటగాళ్లకి 1967 నుంచి పీహెచ్‌పీఏ అనే సంఘం ఉంది. జీతం, ఇల్లు, వైద్యం విషయాల్లో కనీస హామీలు వాళ్ల ఒప్పందంలోనే ఉంటాయి. ఎస్‌పీహెచ్‌ఎల్‌లో ఆ అండ లేదు. మీరు అడగాల్సిన మొదటి తేడా అదే.

నాటింగ్‌హామ్_సందీప్
అక్కా, మీ అబ్బాయికి ఇంకో దారి ఉంది. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడి ఎలైట్ లీగ్‌లో 10 జట్లు, షెఫీల్డ్, బెల్ఫాస్ట్, కార్డిఫ్, మా నాటింగ్‌హామ్ పాంథర్స్ అన్నీ కలిపి. అమెరికా, కెనడా కాలేజీల నుంచి వచ్చినవాళ్లు బోలెడు. కొన్ని జట్లు స్థానిక యూనివర్సిటీలతో కలిసి ఆడుతూనే మాస్టర్స్ చదివే ఏర్పాటు చేస్తాయి. ఇక్కడ మాస్టర్స్ ఒక్క ఏడాదే. మ్యాచ్‌లు ఎక్కువగా వారాంతాల్లో, కాబట్టి చదువు కుదురుతుంది. వాడికి రెండు మూడు సీజన్లు ఆడి కొంత పేరు వచ్చాక ఇది గట్టిగా ఆలోచించొచ్చు. నాన్నగారు కూడా మాస్టర్స్ అంటే కాదనరేమో.

లక్ష్మి_మిషిగన్
ఇది మాకెవరూ చెప్పలేదు తమ్ముడూ. ఆయనకి చదివి వినిపించాను. వెంటనే ఏ యూనివర్సిటీలు అని అడిగారు.

వైజాగ్_స్కేటర్
భారత మూలాలున్నవాళ్లు ఈ దారిలో ఎవరైనా వచ్చారా?

గ్రీన్‌మౌంటెన్
వచ్చారు. ఎక్కువగా కెనడా పంజాబీ కుటుంబాలవాళ్లు. రాబిన్ బావా 1989లో వాషింగ్టన్‌కి ఆడి దక్షిణాసియా మూలాలున్న మొదటి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడయ్యాడు. అతని ఆట ఎక్కువ భాగం మైనర్ లీగుల్లోనే సాగింది. మానీ మల్హోత్రాని 1998లో రేంజర్స్ ఏడో పిక్‌గా తీసుకుంది. కాలేజీ వైపు నుంచి చూస్తే జుఝార్ ఖైరా మిషిగన్ టెక్‌లో ఒక సీజన్ ఆడాడు, తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ చేరాడు. 2025లో అబాట్స్‌ఫర్డ్ కనక్స్ ఏహెచ్‌ఎల్ కాల్డర్ కప్ గెలిచింది. దాని కోచ్ మల్హోత్రాయే, జట్టులో కెనడాలోని సర్రే కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్ ఉన్నాడు. అబాట్స్‌ఫర్డ్‌లో పంజాబీలు చాలా ఎక్కువ, ఆ ఊరికి అది సొంతింటి గెలుపు.

పియోరియా_రవి
కొత్త నియమం సంగతి కూడా శ్రీను గారికి చెప్పాలి. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో, అంటే సీహెచ్‌ఎల్‌లో, ఆడినవాళ్లని అమెరికా డివిజన్ వన్ కాలేజీలు ఇదివరకు తీసుకునేవి కావు. వాళ్లని ప్రోలుగా లెక్కేసేవారు. 2024 నవంబర్‌లో కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ ఆ అడ్డు తీసేసింది, 2025 ఆగస్ట్ 1 నుంచి అమలు. ఆ వేసవిలోనే గావిన్ మెకెన్నా లాంటి పెద్ద పేరున్న కుర్రాడు పెన్ స్టేట్‌ని ఎంచుకున్నాడు. అంటే డివిజన్ వన్‌లో చోటుకి పోటీ పెరిగింది. ఇదివరకు డివిజన్ వన్‌లో మూడో లైన్లో ఆడగలిగిన అమెరికా కుర్రాడు ఇప్పుడు డివిజన్ త్రీకి దిగాల్సి రావచ్చు. నా అంచనాలో డివిజన్ త్రీ నాణ్యత దీనివల్ల పెరుగుతుంది, ఈసీహెచ్‌ఎల్ కోచ్‌లు అటువైపు ఇంకా ఎక్కువ చూస్తారు. పన్నెండేళ్ల పిల్లాడు అక్కడికి చేరేలోపు నియమాలు ఇంకా మారతాయి, కాబట్టి ఏ ఒక్క కాలేజీ మీదా మనసు కట్టేసుకోకండి.

సాహితి_బోస్టన్
ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ 2024 జనవరిలో ఆరు జట్లతో మొదలైంది. 2023 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ టేలర్ హైస్, యూనివర్సిటీ ఆఫ్ మినసోటా నుంచి. అక్కడ కాలేజీ నుంచి నేరుగా అత్యున్నత లీగే, మధ్యలో ఏహెచ్‌ఎల్, ఈసీహెచ్‌ఎల్ లాంటి మెట్లు లేవు. మా అమ్మాయి లాంటివాళ్లు ఆ కొద్ది జట్లలో చోటు దొరక్కపోతే యూరప్ వెళ్లాలి, లేదా ఆపేయాలి. మగపిల్లలకి బస్సు ప్రయాణాల లీగులైనా ఉన్నాయి. ఆడపిల్లలకి ఆ రెండో మెట్టు కూడా ఎవరైనా కట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఫ్రిస్కో_శ్రీను
సాహితి గారూ, నిజం. మా చిన్నది కూడా స్కేటింగ్ చేస్తుంది, నేను అటు ఆలోచించనే లేదు.

కేదార్ గారూ, ఇంకో సందేహం. ఈసీహెచ్‌ఎల్ నుంచి పైకి పిలుపు వచ్చేటప్పుడు ఒప్పందం మారుతుందా?

మిల్వాకీ_కేదార్
చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టు మొత్తం 50 ఒప్పందాలకి మించి పెట్టుకోకూడదు. ఆ 50లో ఉన్నవాళ్లని ఎక్కడికి పంపాలో చాలావరకు జట్టు ఇష్టం, ఎన్‌హెచ్‌ఎల్, ఏహెచ్‌ఎల్, ఈసీహెచ్‌ఎల్ ఏదైనా. గోలీ జొనాథన్ క్విక్ యూమాస్‌లో, అంటే మసాచుసెట్స్ యూనివర్సిటీలో, రెండేళ్లు ఆడి 2007లో లాస్ ఏంజెలెస్‌తో ఒప్పందం చేసుకుంటే, ఆ సీజన్లో ఎక్కువ మ్యాచ్‌లు ఈసీహెచ్‌ఎల్ రెడింగ్‌లోనే ఆడాడు. అతను 2012లో స్టాన్లీ కప్‌తో పాటు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా అందుకున్నాడు.

ఆ 50లో లేనివాళ్లకి ఏహెచ్‌ఎల్ జట్టుతోనే ఒప్పందం ఉండొచ్చు. దాంట్లో ఏహెచ్‌ఎల్‌లో ఉంటే ఒక జీతం, ఈసీహెచ్‌ఎల్‌లో ఉంటే ఇంకో జీతం. అదీ లేకపోతే వట్టి ఈసీహెచ్‌ఎల్ ఒప్పందం. అలాంటివాణ్ణి ఏహెచ్‌ఎల్ జట్టు 25 మ్యాచ్‌ల ప్రొఫెషనల్ ట్రైఔట్ మీద పిలిపించుకోవచ్చు. అనుబంధం ఉన్న జట్టే పిలవాలని లేదు. ఏ ఏహెచ్‌ఎల్ జట్టుకైనా ఆ వారం మనిషి కావాలంటే అక్కడికి వెళ్లొచ్చు. ఈసీహెచ్‌ఎల్ మొదలైన 1988 నుంచి అక్కడ ఆడి ఎన్‌హెచ్‌ఎల్ చేరినవాళ్లు 700 దాటారు. పిలుపు రావాలంటే బాగా ఆడటంతో పాటు ఆ రోజు ఖాళీ ఏ స్థానంలో ఉందన్నది కూడా ముఖ్యం.

లక్ష్మి_మిషిగన్
ఇంట్లో ఒక నిర్ణయానికి వచ్చాం. క్యాంపుకి వెళ్లనిస్తాం. ఉద్యోగంలో చేరే తేదీ వాయిదా వేయగలరా అని కంపెనీకి వాడే మెయిల్ రాశాడు. ఒప్పుకుంటే ఒక సీజన్ ఆడి చూస్తాడు. కోచ్‌తో మాట్లాడేటప్పుడు ఇంకేం అడగాలి?

మిల్వాకీ_కేదార్
ఒప్పందం ఇచ్చి క్యాంపుకి పిలుస్తున్నారా, ట్రైఔట్ మీద పిలుస్తున్నారా అన్నది మొదటి ప్రశ్న. మీ వాడు ఆడే స్థానానికి కోచ్ ఇప్పటికే ఎంతమందితో సంతకం చేయించాడు, అనుబంధ ఏహెచ్‌ఎల్ జట్టు నుంచి ఇంకెందరు దిగుతారు అని నేరుగా అడగమనండి. పైనుంచి దిగినవాళ్లకే ముందు చోటు ఇవ్వాలి, మీ వాడి చోటు వాళ్ల తర్వాతే. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఎన్నాళ్లు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. క్యాంపులో కట్ అయితే తెలిసిన ఎస్‌పీహెచ్‌ఎల్ కోచ్‌కి మాట చెప్తారా అని కూడా అడగొచ్చు, వాళ్లు తప్పుగా అనుకోరు.

కాలేజీలో శుక్ర, శని మ్యాచ్‌లు, డివిజన్ వన్‌లో ఏడాదికి 34 చుట్టూ, డివిజన్ త్రీలో ఇంకా తక్కువ. ఇక్కడ 72, కొన్ని వారాలు శుక్ర, శని, ఆది మూడు రోజులూ వరసగా. వేసవిలో కాళ్లకి పని ఎక్కువ పెట్టమనండి. ముఖానికి పూర్తి జాలీ ఉండదు, సగం వైజరే. దానికి ఇప్పుడే అలవాటు పడాలి.

పియోరియా_రవి
లక్ష్మి గారూ, అబ్బాయి ఏ స్థానంలో ఆడతాడు?

లక్ష్మి_మిషిగన్
డిఫెన్స్. కుడిచేతి వాటం.

పియోరియా_రవి
అయితే కంపెనీ జవాబు కోసం ఆగకుండా ఇంకో ఇద్దరు ముగ్గురు కోచ్‌లకి కూడా వీడియో పంపమనండి. కుడి షాట్ డిఫెన్స్‌మెన్ ఏ లీగ్‌లో అయినా తక్కువే. ఒకే ఫోన్ దగ్గర కూర్చోవాల్సిన పని లేదు.